చీకటి గదిలో ఒరిగిన మొలకలు

పరిశోధనాలయం మొదటి అంతస్తులో ఒక బల్ల మీద ప్లాస్టిక్ సంచిలో తెగిన గొలుసు లంకె ఒకటి ఉంది. బొటనవేలంత లావు ఉక్కు. దాని పక్కనే మోచేతులు ఆనించి ఇన్‌స్పెక్టరు తీరిగ్గా టీ తాగుతున్నాడు.

"కేసు అయిపోయింది మరదలా. నువ్వే ఆలస్యంగా వచ్చావు," అన్నాడు.

టీచరమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆమె చాలా ఏళ్లు బడిలో సైన్సు చెప్పి, పాఠాలకన్నా పిల్లల అబద్ధాలు పట్టుకోవడమే తనకు బాగా వచ్చని తెలుసుకుని, ఉద్యోగం మానేసి ప్రైవేట్ డిటెక్టివ్ అయింది. లైసెన్సు మీద ఉన్న పేరు ఎవరికీ గుర్తులేదు. కక్షిదారుల నుంచి జేబుదొంగల దాకా అందరికీ ఆమె టీచరమ్మే. ఇన్‌స్పెక్టరు ఆమెకు స్వయానా మేనమామ కొడుకు. ఒకప్పుడు ఇద్దరికీ పెళ్లి చేయాలని పెద్దవాళ్లు అనుకున్నారు. ఇద్దరూ ఒక్క గొంతుతో వద్దన్నారు. వాళ్లిద్దరూ ఒక విషయం మీద ఒకే మాట చెప్పడం అదే మొదలు, అదే ఆఖరు.

కేసు చూడటానికి సూటిగానే ఉంది. ఆ పరిశోధనాలయంలో నాలుగు విభాగాలు ఒకే భవనంలో ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. అట్టడుగున, నేలమాళిగలో, కట్టడాల బలం పరీక్షించే ఇంజనీరు హాలు. దాని మీద మొక్కల విభాగం. ఆపై అంతస్తులో రసాయన విభాగం. అన్నిటికీ పైన గుమ్మటం, అందులో టెలిస్కోపు. మొన్న సాయంత్రం ఇంజనీరు తన హాల్లోనే క్రేను కింద చచ్చిపడి ఉన్నాడు. క్రేను గొలుసు తెగి ఇనుప దిమ్మె తల మీద పడింది. గొలుసు ఉక్కును యాసిడ్ పెళుసు చేసిందని పోలీసు ప్రయోగశాల తేల్చింది. యాసిడ్ దొరికేది రసాయన విభాగంలో. అంతకు ముందురోజే కెమిస్టూ ఇంజనీరూ వరండాలో ఒకరి మీద ఒకరు కేకలేసుకోవడం అంతా విన్నారు. ఇన్‌స్పెక్టరు ఇవన్నీ కూడి, కెమిస్టుని మొదటి అంతస్తులో ఆయన సొంత గదిలోనే కూర్చోబెట్టి తాళం వేశాడు. సాయంత్రం స్టేషనుకు తీసుకుపోతానన్నాడు. టీచరమ్మను పురమాయించింది ఆ కెమిస్టు భార్య.

ఆమె సంచిని కిటికీ వెలుగులోకి ఎత్తి పట్టుకుంది. లంకె తెగినచోట ఉక్కు సాగలేదు, సన్నబడలేదు. చాక్‌పీసు విరిగినట్టు పుటుక్కున విరిగింది. దాని చుట్టూ ఎర్రటి పూత.

"తుప్పు," అన్నాడు ఇన్‌స్పెక్టరు, ఆమె అడక్కుండానే.

ఆమె ప్లాస్టిక్ మీంచే గోటితో గట్టిగా రుద్దింది. తుప్పయితే పొడి రాలాలి. ఇది రాలలేదు. రుద్దినచోట ఇంకా మెరిసింది. ఏటేటా ఎనిమిదో తరగతి పిల్లలతో ఆమె ఒక ప్రయోగం చేయించేది. మైలుతుత్తం కలిపిన నీలం నీళ్లలో ఇనుప మేకు వేస్తే కాసేపటికి దాని మీద రాగి పూత పడుతుంది. ఆ మేకును పిల్లలు ఇళ్లకు పట్టుకుపోయి బంగారమని చెప్పుకునేవాళ్లు. అదే రంగు ఇది.

ఆ సంగతి అప్పుడే చెప్పలేదు. కెమిస్టుతో మాట్లాడాలంది. ఇన్‌స్పెక్టరు నిట్టూర్చి జేబులోంచి తాళంచెవి తీశాడు.

*

కెమిస్టు ఏభై దాటిన మనిషి. కోపం ముక్కు మీదే ఉంటుందని భార్య ముందే చెప్పింది. గదిలోకి అడుగు పెట్టగానే, ఎవరు మీరు, మీకు చదువేమిటి అని అడిగాడు. బడిలో సైన్సు చెప్పానని ఆమె అంటే కాస్త మెత్తబడ్డాడు.

ఇంజనీరుతో గొడవ నిజమేనని ఒప్పుకున్నాడు. రెండు నెలల కిందట ఇంజనీరు కాంక్రీటు ముక్కలు కొన్ని తెచ్చి, వీటిలో ఉప్పు ఎంతుందో తేల్చమన్నాడట. ఎక్కడివో చెప్పలేదు. కెమిస్టు తేల్చాడు. ఉండాల్సిన దానికి ఎన్నో రెట్లు ఉంది. కడగని సముద్రపు ఇసుక వాడితే అలా ఉంటుంది. ఆ ఉప్పు లోపలి ఇనుప చువ్వల్ని పైకి కనబడకుండా తినేస్తుంది. చువ్వలు తుప్పుపట్టి ఉబ్బి, కాంక్రీటును లోపల్నుంచే చీలుస్తాయి.

"ఏ కట్టడం అని అడిగాను. ఎవరో మనుషులు అందులో ఉంటున్నారు కదా, చెప్పు అని అరిచాను. 'తెలిస్తే నీకు నిద్రపట్టదు, ముందు నన్నో పని చేసుకోనీ' అన్నాడు. అదీ మా గొడవ. వాడు నా స్నేహితుడమ్మా."

టీచరమ్మ యాసిడ్ గురించి అడిగింది. తన దగ్గర ప్రతి సీసాకీ లెక్క ఉందని, బయటికి పోయినవి రెండేనని చెప్పాడు. టెలిస్కోపు అద్దానికి కొత్త పూత వేసేముందు పాత పూత కడిగేయాలి. దానికని పై అంతస్తు వాళ్లు అడిగితే ఇచ్చాడు. ఆ సీసాలు తిరిగి రాలేదు.

"ఉత్త యాసిడ్‌తోనే కడుగుతారా?"

"కాదు. అందులో మైలుతుత్తం కలుపుతారు. అప్పుడు పూత త్వరగా వదులుతుంది."

ఇవతలికి రాగానే ఇన్‌స్పెక్టరు మళ్లీ తాళం వేసి తాళంచెవి జేబులో పడేసుకున్నాడు.

*

పై అంతస్తు వాళ్లు అంటే ఒక్క మనిషే. పరిశోధనాలయం డైరెక్టరు. ఖగోళ శాస్త్రవేత్త. ఈ భవనం కట్టించిందీ, పునాది నుంచి గుమ్మటం దాకా దగ్గరుండి చూసుకున్నదీ ఆయనే. ఆయన ఆఫీసు గది మాత్రం ఇప్పుడు ఇందులో లేదు. పడమటి వైపు విడిగా ఉన్న చిన్న కట్టడంలోకి నెల కిందట మార్చుకున్నాడు. గోడలకింకా రంగు వాసన పోలేదు. పాత గదిలో పొద్దున్నే ఎండ ముఖాన కొడుతోందని కారణం చెప్పాడు.

మర్యాదస్తుడు. ఇంజనీరు పోవడం తన కుడిచెయ్యి పోవడమేనన్నాడు. కెమిస్టు మంచివాడే కానీ కోపిష్టి అన్నాడు. టెలిస్కోపు మూతపడి ఏడాది కావస్తోందని, అద్దం పూత పని నడుస్తోందని అడిగినవన్నీ తడుముకోకుండా చెప్పాడు.

"అద్దం కడిగిన నీళ్లు ఏం చేశారు సార్?" అని అడిగింది టీచరమ్మ.

అప్పటిదాకా ఆగకుండా సాగిన మనిషి ఆగాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"కెమిస్ట్రీ వాళ్లకే తిరిగి ఇచ్చేశాం."

ఆమె తలూపింది. బడిలో అబద్ధం చెప్పే పిల్లలు కూడా ముందు చేతులకేదో ఒక పని చెప్పేవాళ్లు.

లేవబోతుంటే ఆయనే ఆపాడు. ఇంజనీరుతో గొడవపడింది కెమిస్టు ఒక్కడే కాదని, మొక్కల విభాగం చూసే తన కూతురు కూడా మొలకలు పెంచే చీకటి గది విషయంలో అతనితో మాటా మాటా అనుకుందని చెప్పాడు. సొంత కూతురైనా దాచకూడదు కదా అన్నాడు. వెళ్లి ఆ గది చూడమన్నాడు. లోపలికెళ్లి తలుపులు మూసుకుని కాసేపు కదలకుండా ఉంటేనే సంగతి అర్థమవుతుందట. అమ్మాయి మాత్రం భోజనానికి ఇటు వస్తుంది, మీరు ఒక్కరే తీరిగ్గా చూసుకోండి అన్నాడు. ఆమె ఇంకా గుమ్మం దాటకముందే కూతురికి ఫోన్ చేసి, అన్నానికి రమ్మని రెండుసార్లు నొక్కి చెప్పాడు.

టీచరమ్మ నేరుగా ఇన్‌స్పెక్టరు దగ్గరికి వెళ్లి లంకె మీద ఉన్నది రాగి అంది. కెమిస్టు అల్మారా యాసిడ్ అయితే రాగి పడదు, అద్దం కడిగిన నీళ్లయితే పడుతుంది అని విడమరచి చెప్పింది.

"నువ్వింకా ఎనిమిదో తరగతిలోనే ఉన్నావు," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "ఆ నీళ్లు కలపడం కెమిస్టుకి రాదా? పెద్దమనిషి మీదకు మళ్లించాలని చూడకు. ఆయన నాకెంత సాయం చేస్తున్నాడో తెలుసా? స్టేట్‌మెంట్ ఇస్తానని తనే అడిగాడు. నా జీపులోనే పంపిస్తున్నాను."

"అయితే కెమిస్టుని కింద వరండాలో కూర్చోబెట్టు బావా. గదిలో పెట్టి తాళం ఎందుకు?"

"నా ముద్దాయి ఎక్కడ కూర్చోవాలో నువ్వు చెప్పకు. మీ నాన్న కూడా ఇంతే, మా ఇంటికొచ్చి మా కుర్చీలు సర్దేవాడు."

ఆమె మెట్లు దిగింది. ఒళ్లు మండుతోంది. ఇంకా దాని కింద ఎక్కడో, తనకేదో అర్థం కాలేదన్న భయం కూడా ఉంది. డైరెక్టరు చంపాడనే అనుకున్నా, ఎందుకు చంపాడు?

*

చీకటి గది భవనానికి తూర్పు కొసన ఉంది. సరిగ్గా ఇంజనీరు హాలు మీద. పైన కెమిస్టుని పెట్టిన గది.

డైరెక్టరు కూతుర్ని అంతా మొక్కలమ్మ అంటారు. ముప్పై అయిదేళ్లుంటాయి. గోళ్లలో మట్టి. నాన్న భోజనానికి పిలిచాడు గానీ, తన మొలకల్ని ఊరూ పేరూ తెలియని మనిషికి వదిలేసి పోలేనని మొహం మీదే చెప్పింది. ఫోన్లు, వాచీలు బయట అర మీద పెట్టించింది. ఫోను వెలుగు ఒక్కసారి తగిలినా నెలల శ్రమ పాడవుతుందంది. ఒక తలుపు మూశాకే రెండోది తెరిచింది.

లోపల మినుకుమినుకుమంటూ ఒక ఆకుపచ్చ బల్బు. మొలకలు ఆ పచ్చ వెలుగును పట్టించుకోవట. అరల నిండా పళ్లేలు, వాటిలో తెల్లగా పాలిపోయి తీగల్లా సాగిన వందల మొలకలు. చీకట్లో పెరిగినవి నిటారుగా పైకి లేవాలి. ఇవన్నీ ఒకే వైపు ఒరిగి ఉన్నాయి. ఎవరో పిలిస్తే ఒక్కసారిగా తలలు తిప్పినట్టు, అన్నీ తూర్పు గోడ వైపే.

"మొలక ఊరికే వంగదు," అంది మొక్కలమ్మ. "వెలుతురు ఎటుంటే అటు వంగుతుంది. ఈ గదిలో వెలుతురు లేదు. కింద ఇంజనీరు గోడకి బెజ్జాలు కొడుతున్నాడనుకుని వెళ్లి తిట్టాను."

అతను ఎదురు చెప్పలేదట. వచ్చి ఈ గదిలో చాలాసేపు నిలబడ్డాడు. బయటికి వచ్చేసరికి మొహంలో నెత్తురు లేదు. మర్నాడే కింద హాల్లో ఏవో ఉక్కు స్తంభాలు నిలబెట్టించి, ప్రయోగం, ఎవరూ ముట్టుకోవద్దు అని బోర్డు పెట్టాడు.

టీచరమ్మ ఆ పచ్చ బల్బు కూడా ఆర్పమంది. కటిక చీకటి. మొదట ఏమీ కనబడలేదు. పక్కన మొక్కలమ్మ ఊపిరి మాత్రం వినబడుతోంది. కళ్లు అలవాటుపడుతున్న కొద్దీ, అర వెనకాల, పైనుంచి కింద దాకా, వెంట్రుక మందాన తెల్లటి గీత తేలింది.

పగటి వెలుగు. బయటి వెలుగు. మూర మందం గోడ ఈ పక్క నుంచి ఆ పక్కకి చీలి ఉంది.

ఆమె అర జరిపి చెయ్యి పెట్టింది. బీటకు అడ్డంగా నున్నటి గాజు పలక ఒకటి అతికించి ఉంది. ఇంజనీరు అతికించి ఉంటాడు. గోడ కదిలితే గాజు పగులుతుంది, అంతే దాని పని. ఆమె వేలు గాజు వెంట జరిగి మధ్యలో ఆగింది. గాజు రెండు ముక్కలై ఉంది.

"మీ నాన్నగారు టెలిస్కోపు ఎందుకు ఆపేశారు?" అని చీకట్లోనే అడిగింది.

మొక్కలమ్మకు ఆ ప్రశ్న ఎందుకో అర్థం కాలేదు. అయినా చెప్పింది. అంతకుముందు రోజూ అన్నం దగ్గర విసుక్కునేవాడు. ధ్రువ నక్షత్రం కూడా తన మాట వినడం లేదనేవాడు. టెలిస్కోపుని దానికి సరిగ్గా గురిపెట్టి బిగిస్తే, వారం తిరిగేసరికి గురి పక్కకి జారేది. మళ్లీ సరిచేస్తే మళ్లీ జారేది.

"ఎప్పుడూ ఒకే వైపుకా?"

"అవును. ఎప్పుడూ తూర్పుకే వాలుతోందనేవాడు. తర్వాత ఒకరోజు అనడం మానేశాడు. అద్దం కడగాలని మూసేశాడు."

నక్షత్రం జారదు. టెలిస్కోపు కింద ఉన్నదే జారుతోంది. కెమిస్టుకి చూపించిన కాంక్రీటు ముక్కలు ఏ కట్టడంవో టీచరమ్మకు అప్పుడు తెలిసింది. అందరికన్నా ముందు, ఏడాది ముందు, ఆ సంగతి ఎవరికి తెలుసో కూడా తెలిసింది. తన చేతుల మీదుగా కట్టిన భవనం తన కళ్ల ముందే ఒరుగుతుంటే, ఆ మాట బయటికి రాకుండా చూసుకున్న మనిషి పడమటి వైపు గది మార్చుకున్నాడు.

అంతలో కాళ్ల కింద నుంచి ఇనుము మీద ఇనుము కొట్టిన చప్పుడు వచ్చింది. నేల సన్నగా వణికింది. గాజు ముక్క ఒకటి ఊడి ఆమె చెప్పు మీద పడింది. వెలుగు గీత ఇందాకటికన్నా లావుగా ఉంది.

ఆమె మొక్కలమ్మ చెయ్యి పట్టుకుని లాక్కుంటూ బయటపడింది. అర మీద ఫోను అదే పనిగా వణుకుతోంది. మొక్కలమ్మ తీసి చూసింది.

"నాన్న. తొమ్మిది సార్లు చేశాడు," అంది అయోమయంగా. "అన్నానికి ఇంత తొందరేమిటి?"

*

టీచరమ్మ మెట్ల దగ్గర నిలబడి ఇన్‌స్పెక్టరును కేకేసింది. ఆ గొంతులో ఏం విన్నాడో, వాదించకుండా ఆమె, మొక్కలమ్మల వెంట నేలమాళిగలోకి పరిగెత్తాడు.

హాల్లో నలుగురు పనివాళ్లున్నారు. తూర్పు మూల పెద్ద దూలం కింద ఇంజనీరు నిలబెట్టిన మూడు ఉక్కు స్తంభాల్లో ఒకటి అప్పటికే నేల మీద పడుకోబెట్టి ఉంది. రెండోదాని బోల్టులు వదులు చేస్తున్నారు. మిగిలిన రెంటికీ అడుగున బరువు చూపించే గడియారాలున్నాయి. రెండింటిలోనూ సూది ఎర్ర గీత దాటి వణుకుతోంది.

"చేతులు తీసేయండి," అంది టీచరమ్మ. అరవలేదు. అయినా నలుగురూ ఒక్కసారే చేతులు తీసేశారు. "ఇది ప్రయోగం కాదు బావా. నీ నెత్తి మీదున్న మూడంతస్తుల మూలని ఇవే మోస్తున్నాయి. ఆ ఇంజనీరు ఎవర్నీ కంగారు పెట్టకుండా ముందు దీన్ని నిలబెట్టి, ఆ తర్వాత చెబుదామనుకున్నాడు. చెప్పనివ్వలేదు."

ఇన్‌స్పెక్టరు పడి ఉన్న స్తంభం వైపు చూశాడు. అద్దెకు తెచ్చిన సామాను తిరిగి పంపాలి, విప్పుకోవచ్చా అని డైరెక్టరు పొద్దున అడిగాడట. ఫొటోలు తీయడం అయిపోయింది కదా అని తనే సంతకం పెట్టాడు.

మేస్త్రీకి ఇదంతా తన మీదకు వస్తుందేమోనని భయం పట్టుకుంది. "మా తప్పేం లేదు సార్. డైరెక్టరు గారు ఎలా చెబితే అలాగే చేశాం. పైన మొక్కల గది చూడటానికి ఒకావిడ వస్తుంది, ఆవిడ లోపలికెళ్లి తలుపేసుకున్నాకే మొదలుపెట్టండి, ముందు మొదలుపెడితే చప్పుడుకి ఆవిడ పని చెడిపోతుంది అన్నారు."

ఇన్‌స్పెక్టరు మరదలి వైపు చూశాడు. ఆమె అతని జేబు వైపు చూసింది.

"తాళంచెవి," అంది.

అతను మెట్లు రెండేసి ఎక్కుతూ పరిగెత్తాడు. స్తంభాన్ని మళ్లీ లేపి ఇరికించమని ఆమె మేస్త్రీకి చెప్పింది. ప్రాణానికి భయపడేవాళ్లు వెళ్లిపోవచ్చంది. ఇద్దరు వెళ్లిపోయారు. మేస్త్రీ, ఇంకొకతను ఉండిపోయారు. భవనం ఖాళీ చేయించమని మొక్కలమ్మను పంపబోతుంటే, మెట్ల మీద అడుగుల చప్పుడైంది.

డైరెక్టరు. చొక్కా చెమటకు తడిసి ఒంటికి అంటుకుపోయింది. జీపును దారిలోనే ఆపించి దిగి, తిరిగి పరిగెత్తుకొచ్చినట్టున్నాడు. ఆయన టీచరమ్మను చూడలేదు. పడి ఉన్న స్తంభాన్ని చూడలేదు. కూతుర్నే చూశాడు. తల నుంచి కాళ్ల దాకా, దెబ్బలేమైనా తగిలాయేమోనని తడిమినట్టు చూశాడు.

"అన్నానికి రమ్మన్నానుగా చిట్టితల్లీ," అన్నాడు. "ఎందుకు రాలేదు?"

మొక్కలమ్మ చేతిలో ఫోను ఇంకా అలాగే ఉంది. మేస్త్రీ చెప్పింది ఆమె కూడా విన్నది. తండ్రి మొహంలోకి చూసి, అక్కడేదో చదువుకుని, ఒక అడుగు వెనక్కి వేసింది.

"నేను రాలేదని నీకెందుకు అంత భయమేసింది నాన్నా?"

దూలం మీద నుంచి సన్నటి సున్నం ధారగా జారి ఆయన భుజం మీద పడుతోంది. ఆయన దులుపుకోలేదు.

పైనుంచి ఇన్‌స్పెక్టరు గొంతు మెట్ల సందులోంచి దిగివచ్చింది. అందులో ఎప్పుడూ ఉండే వెటకారం లేదు.

"తాళం తిరిగింది. తలుపు రావడం లేదు. బిగుసుకుపోయింది. లోపల ఆయన కేకలేస్తున్నాడు. పగలగొట్టేయనా?"

టీచరమ్మ పగలగొట్టమని చెప్పబోయింది. డైరెక్టరు చెయ్యెత్తి ఆపాడు. మొదటిసారి ఆమె కళ్లలోకి చూశాడు.

"వద్దనండి," అన్నాడు. "ఆ గోడ ఇప్పుడు ఆ తలుపు మీదే నిలబడి ఉంది."